ముసురు పట్టినప్పుడు కీళ్ల నొప్పులు: రుమటాయిడ్ ఆర్థరైటిస్ గురించి తెలుసుకోవలసిన పాఠం

"వాన వచ్చేలా ఉంది, నా వేళ్లు చెబుతున్నాయి" అనే మాట మన ఇళ్లలో నానమ్మల, అమ్మమ్మల నోట ఎన్నోసార్లు విన్నాం. ముసురు పడితే కీళ్లు సలుపుతాయని, చలి ముదిరితే పట్టేస్తాయని, ఎండాకాలం వస్తే కాస్త తెరిపి ఇస్తాయని వారు చెబుతారు. ఈ నమ్మకం మన ఊళ్లకే పరిమితం కాదు. సుమారు రెండు వేల నాలుగు వందల ఏళ్ల క్రితమే గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట గాలులు, నీళ్లు, ప్రదేశాలు మనిషి ఆరోగ్యాన్ని ఎలా మారుస్తాయో చెప్పే గ్రంథం వెలువడింది. ఆయుర్వేదంలో మాధవనిదానం 'ఆమవాతం' అనే కీళ్ల జబ్బును ప్రత్యేకంగా వర్ణించింది. యునానీ హకీములు కీళ్ల నొప్పిని 'వజఉల్ మఫాసిల్' అన్నారు. మన ఇళ్లలో మాట్లాడుకునే ఉర్దూలో అది 'గఠియా'.

ఇంత పాత నమ్మకాన్ని కొట్టిపారేయడం తగదు. పరీక్షించకుండా ఒప్పుకోవడం కూడా తగదు. ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. వాతావరణం మారితే కీళ్ల నొప్పి నిజంగా పెరుగుతుందా? పెరిగితే జబ్బు కూడా ముదిరినట్లేనా? ఏ కాలంలో ఏ జాగ్రత్త తీసుకోవాలి? ఇందులో రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. దానికి సరైన జవాబు తెలియక మన ఆడపడుచులు ఎందరో వేళ్లు వంకర పోయేదాకా ఇంట్లోనే ఉండిపోతున్నారు.

అన్ని కీళ్ల నొప్పులూ ఒకటి కావు

ముందుగా జబ్బు ఏదో గుర్తించాలి. వయసు మీద పడ్డాక మోకాళ్లలోని మృదులాస్థి అరిగి వచ్చే నొప్పిని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. మెట్లు ఎక్కినా, ఎక్కువసేపు నడిచినా ఆ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున లేచాక పట్టేసినట్లుండే బిగువు సాధారణంగా అరగంటలోపే వదులుతుంది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. అది అరుగుదల జబ్బు కాదు. బయటి క్రిములతో పోరాడవలసిన మన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, సొంత కీళ్ల లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, క్రమంగా మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. చేతివేళ్ల మొదళ్లు, మణికట్లు, పాదాల ముందుభాగంలోని చిన్న కీళ్లు ఎక్కువగా దీని బారిన పడతాయి. సాధారణంగా రెండు వైపులా ఒకే రకం కీళ్లు వాస్తాయి. పొద్దున్నే వచ్చే బిగువు అరగంట దాటి గంట, రెండు గంటల వరకూ ఉంటుంది. పని చేస్తూ ఉంటే మెల్లగా వదులుతుంది. అలసట, ఆకలి లేకపోవడం, కొద్దిపాటి జ్వరం, రక్తహీనత కూడా ఉండవచ్చు.

పండుగనాడు ముసాఫహా చేసేటప్పుడు ఎవరైనా చేయి కొంచెం గట్టిగా నొక్కితే వేళ్ల మొదళ్లలో ప్రాణం పోయినంత నొప్పి వచ్చి చేయి వెనక్కి లాక్కునేవారిని చూసే ఉంటారు. అది తేలిగ్గా తీసుకోవలసిన సూచన కాదు. వైద్యులు కూడా వేళ్ల మొదళ్లను పక్కల నుంచి మెల్లగా నొక్కి చూసి వాపును అనుమానిస్తారు.

ఈ జబ్బు మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువగా 30, 50 ఏళ్ల మధ్య, అంటే ఇంటి భారమంతా మోసే వయసులో మొదలవుతుంది. ఉత్తర భారతదేశంలోని గ్రామాలలో జరిపి 1993లో ప్రచురించిన ఒక అధ్యయనం పెద్దవారిలో సుమారు 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉందని లెక్కకట్టింది. అంటే వెయ్యి మంది పెద్దలున్న బస్తీలో ఏడెనిమిది మంది అన్నమాట. బీడీలు చుట్టే వేళ్లు, మగ్గం వర్కు చేసే వేళ్లు, గాజులకు రాళ్లు అతికే వేళ్లు పట్టేస్తే ఆ ఇంటి ఆదాయమే ఆగిపోతుంది.

తెల్లవారుజామునే ఎందుకు ఎక్కువ?

ఋతువుల సంగతికి వెళ్లే ముందు ఒక రోజులోనే నొప్పి ఎలా మారుతుందో చూద్దాం. మన శరీరంలో ఒక గడియారం ఉంది. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు ఈ రోగులలో రాత్రి చివరి జాములో, తెల్లవారుజామున ఎక్కువవుతాయి. వాపును అణచే కార్టిసాల్ అనే హార్మోను రాత్రి తక్కువగా ఉండి తెల్లవారేసరికి పెరుగుతుంది. రుమటాయిడ్ రోగులలో ఆ కార్టిసాల్ పెరిగిన వాపుకు సరిపడినంత ఉండదు. పైగా రాత్రంతా కదలక పడుకోవడం వల్ల కీళ్లచుట్టూ నీరు చేరుతుంది. ఈ మూడూ కలిసే ఫజర్ వేళకు చేతులు పిడికిలి బిగుసుకోకుండా పోతాయి.

చలికాలంలో ఇదే వేళ ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది. జబ్బు గడియారం, చలి రెండూ ఒకే గంటలో కలుస్తాయి. కాబట్టి "చలి వల్లే పట్టేసింది" అని అనిపించడం సహజం. నిజానికి ఎండాకాలంలోనూ ఆ బిగువు ఉంటుంది. చలికాలంలో అది మరింత తెలుస్తుంది.

శాస్త్రవేత్తలు ఏం కనుగొన్నారు?

1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హాలెండర్ అనే వైద్యుడు వాతావరణాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చగలిగే గదిని వాడి, కొద్దిమంది కీళ్ల రోగులను అందులో ఉంచి గమనించాడు. కేవలం తేమ పెంచినప్పుడు, కేవలం గాలి పీడనం తగ్గించినప్పుడు పెద్దగా తేడా కనిపించలేదు. తేమ పెరుగుతూ అదే సమయంలో పీడనం పడిపోయినప్పుడు మాత్రం చాలామందికి నొప్పి, బిగువు పెరిగాయి. వాన రాబోయే ముందు బయట జరిగేది సరిగ్గా అదే.

1996లో డోనల్డ్ రెడెల్మైయర్, ఏమాస్ ట్వర్స్‌కీ అనే ఇద్దరు పరిశోధకులు 18 మంది రుమటాయిడ్ రోగులను 15 నెలలపాటు గమనించిన ఫలితాలను ప్రచురించారు. రోగులలో చాలామంది వాతావరణానికీ నొప్పికీ గట్టి సంబంధం ఉందని నమ్మారు. లెక్కలు వేసి చూస్తే అలాంటి సంబంధం కనిపించలేదు. వాన పడి నొప్పి వచ్చిన రోజు గుర్తుంటుందని, వాన పడినా నొప్పి రాని రోజు మరిచిపోతామని వారు వివరించారు.

2017లో అమెరికాలో వయోవృద్ధులు ఆసుపత్రులకు వెళ్లిన సుమారు 1 కోటి 16 లక్షల సందర్భాలను పరిశీలించి మరో ఫలితం వెలువడింది. వాన రోజుల్లో కీళ్లనొప్పి, నడుంనొప్పి అంటూ వచ్చేవారి సంఖ్య పెరగలేదు.

2019లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి పెద్ద అధ్యయనం వచ్చింది. దేశమంతటి నుంచి 13 వేలమందికి పైగా చేరారు. వారు తమ మొబైల్ ఫోనులో రోజూ నొప్పి ఎంత ఉందో నమోదు చేశారు. ఫోను వారున్న చోటును బట్టి ఆ రోజు వాతావరణాన్ని జతచేసింది. క్రమం తప్పకుండా నమోదు చేసిన 2,658 మంది వివరాలను విశ్లేషించారు. వారిలో రుమటాయిడ్‌తో పాటు ఇతర దీర్ఘకాల నొప్పులున్నవారూ ఉన్నారు. గాలిలో తేమ ఎక్కువగా, పీడనం తక్కువగా, గాలి వేగం ఎక్కువగా ఉన్న రోజుల్లో నొప్పి పెరిగే అవకాశం కొంత ఎక్కువని తేలింది. ఉష్ణోగ్రత ఒక్కదానికే చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. తేమ, ఈదురుగాలి, తక్కువ పీడనం కలిసిన అతి చెడ్డ రోజున కూడా మామూలు రోజుతో పోలిస్తే ఆ అవకాశం సుమారు 20 శాతమే ఎక్కువ.

ఈ 20 శాతం అనే మాటను జాగ్రత్తగా చదవాలి. నూరుమందిలో ఇరవైమందికి నొప్పి వస్తుందని దాని అర్థం కాదు. మామూలు రోజున నూటికి 5 మందికి నొప్పి పెరుగుతుందనుకుంటే, ముసురు రోజున అది 6 అవుతుంది. ప్రభావం ఉంది, కానీ చిన్నది.

ఒకదానికొకటి పొసగనట్లున్న ఈ ఫలితాల నుంచి ఏం గ్రహించాలి? నానమ్మల మాట పూర్తిగా అబద్ధం కాదు. అయితే మనం ఊహించుకున్నంత నిజమూ కాదు. ఒకరికి ముసురు పడదు, ఇంకొకరికి చలి పడదు, మరొకరికి ఏ కాలమైనా ఒకటే. జపానులో వేలాది రుమటాయిడ్ రోగులను గమనించినప్పుడు వసంతకాలంలో జబ్బు ఎక్కువగా, శరదృతువులో తక్కువగా కనిపించింది. ఇంగ్లండు చలి, జపాను వసంతం మన ఆదిలాబాదుకో, ఒంగోలుకో అలాగే వర్తిస్తాయని అనుకోలేం. ఎవరి శరీరం ఎలా ఉందో వారే రాసి చూసుకోవాలి.

గాలి పీడనం: బడి పిల్లలకు చెప్పే లెక్క

పీడనం తగ్గితే కీలు లోపలి కణజాలం కొంచెం ఉబ్బి నరాలను నొక్కుతుందని ఒక వివరణ ఉంది. అది కొంతవరకు నిజం కావచ్చు. అయితే ఒక లెక్క వేసి చూద్దాం.

సముద్రమట్టం వద్ద గాలి పీడనం సగటున 1,013 హెక్టోపాస్కల్‌లు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 8, 9 మీటర్లకు సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. కాబట్టి మచిలీపట్నం నుంచి హైదరాబాదు వచ్చిన మనిషి మీద పీడనం దాదాపు 60 హెక్టోపాస్కల్‌లు తగ్గుతుంది. మామూలు అల్పపీడనం వల్ల తగ్గేది అందులో చిన్న భాగం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ వంటి అతి తీవ్ర తుపాను కేంద్రంలో కూడా పీడనం సుమారు 950 దాకా పడింది. అంటే ఆ తుపాను నడిబొడ్డున ఉన్న పీడనమూ, హైదరాబాదులో ప్రశాంతమైన రోజున ఉండే పీడనమూ దాదాపు సమానం!

కేవలం పీడనం తగ్గడమే నొప్పికి కారణమైతే కోస్తా నుంచి రైలెక్కిన ప్రతి కీళ్లరోగీ సికింద్రాబాదులో దిగేసరికి మంచం పట్టాలి. అలా జరగడం లేదు కదా. కాబట్టి వాన రోజు నొప్పికి పీడనం ఒక్కటే కారణం కాదు. తేమ, తడి బట్టలు, చల్లని నేల, ఇంట్లోంచి కదలకపోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం, మనసు దిగులుగా ఉండడం కలిసి పనిచేస్తాయి. ఈ కారణాలలో చాలావాటిని మనం మార్చుకోగలం.

నాలుగు గడుల పట్టిక

ఇంట్లో రోగి ఉంటే ఒక నోటుపుస్తకం కేటాయించండి. రోజూ ఒకే సమయంలో నాలుగు విషయాలు రాయాలి: పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు ఉంది, నొప్పికి సున్నా నుంచి పదిలో ఎన్ని మార్కులు, వాచిన కీళ్లు ఏవి, వాన పడిందా లేదా. బాగున్న రోజు కూడా రాయాలి. నెల చివర నాలుగు గడుల పట్టిక వేయాలి. ఉదాహరణకు ఇలా వచ్చిందనుకోండి:

వాన పడింది, నొప్పి పెరిగింది: 8 రోజులు
వాన పడింది, నొప్పి పెరగలేదు: 4 రోజులు
వాన లేదు, నొప్పి పెరిగింది: 12 రోజులు
వాన లేదు, నొప్పి పెరగలేదు: 6 రోజులు

మొదటి గడి మాత్రమే చూస్తే "వాన పడిన ఎనిమిదిసార్లు నొప్పి వచ్చింది" అనిపిస్తుంది. కానీ వాన పడిన 12 రోజుల్లో 8 అంటే మూడింట రెండు వంతులు. వాన లేని 18 రోజుల్లో 12 అన్నా మూడింట రెండు వంతులే. ఈ లెక్కలో వానకు ఏ పాత్రా లేదు. నెలలో ఇరవై రోజులు నొప్పి పెరిగిందంటే జబ్బు అదుపులో లేదని, మందు సరిపోవడం లేదని అర్థం. ఈ పుస్తకాన్ని డాక్టరు ముందు పెడితే ఐదు నిమిషాల్లో ఆయనకు నెల సంగతి తెలుస్తుంది. ఏడెనిమిదో తరగతి చదివే పిల్లలు ఈ పట్టికను వేయగలరు. నానమ్మ చెబుతుంటే మనవరాలు రాయవచ్చు.

నొప్పి వేరు, జబ్బు ముదరడం వేరు

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. వాతావరణం నొప్పిని కొంత పెంచవచ్చు. కానీ కీలును తినేసేది వాతావరణం కాదు. లోపలి వాపు తగ్గకపోతే ఎండాకాలంలోనైనా ఎముక కొరుక్కుపోతూనే ఉంటుంది. మార్చిలో నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు పోయిందనుకోవడం, డిసెంబరులో పెరిగింది కాబట్టి చలి తగ్గాక చూద్దాంలే అనుకోవడం, రెండూ ప్రమాదమే. జబ్బు మొదలైన తొలి మూడు నుంచి ఆరు నెలల్లో సరైన మందు మొదలైతే కీళ్లను కాపాడుకునే అవకాశం బాగా ఎక్కువ. "ఈ చలికాలం గడవనీ" అని వాయిదా వేస్తే పోయేవి ఆ విలువైన నెలలే. ఒకసారి కొరుక్కుపోయిన ఎముక మందుతో తిరిగి మునుపటిలా రాదు.

ఆరు వారాలు దాటి చిన్న కీళ్లలో వాపు, పొద్దున్నే అరగంట దాటిన బిగువు ఉంటే కాలాన్ని నిందించకుండా కీళ్లవాత నిపుణులకు, అంటే రుమటాలజిస్టుకు చూపించాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి. అనే రక్తపరీక్షలు చేస్తారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్లూ కాదు. పరీక్షను, చేతులను కలిపి చూసి నిర్ణయించవలసింది వైద్యుడే.

తెలుగు బిడ్డ చేయి ఉన్న మందు

ఈ జబ్బుకు ఎక్కువగా ముందుగా ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. దీని చరిత్రలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పాత్ర ఉంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి విరుగుడుగా పనిచేసే రసాయనాలను తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను పిల్లల రక్తక్యాన్సరుకు వాడి చూశారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాత రోగులకు ఇచ్చి మేలు గమనించారు. 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థ మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతించింది. సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు. తన ప్రయోగశాల నుంచి వచ్చిన మందు కోట్లాది కీళ్లకు ఆధారమవుతుందని చూడలేకపోయారు.

ఈ మందు విషయంలో ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. "శుక్రవారం బిళ్ల" అనో "సోమవారం బిళ్ల" అనో డబ్బా మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనో ఉర్దూలోనో రాసిపెట్టండి. డాక్టరు చెప్పిన రోజున ఫోలిక్ యాసిడ్ బిళ్ల వేసుకోవాలి. క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించాలి. గర్భిణులు, గర్భం దాల్చాలనుకునేవారు ఈ మందు వాడకూడదు, ముందే డాక్టరుకు చెప్పాలి.

పేరు లేని పొట్లాల పొడులు, "ఒక్క సూదితో తగ్గిస్తాం" అనే మాటలు నమ్మవద్దు. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. నొప్పి మంత్రం వేసినట్లు తగ్గుతుంది. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. డాక్టరు చెప్పినంత మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తుంది. ఎక్కువ రోజులు వాడినవారు ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే.

మన మూడు కాలాలు, మన జాగ్రత్తలు

వానాకాలం: తడిసిన బట్టలు, తడి చెప్పులు వెంటనే మార్చుకోవాలి. ముసురు రోజున నడక మానుకోకుండా ఇంట్లోనే పది నిమిషాలు నడవాలి, వేళ్లు తెరిచి మూసే వ్యాయామం చేయాలి. జారే నేల మీద జాగ్రత్త. ఈ కాలంలో అసలు శత్రువు దోమ. చికున్‌గున్యా కీళ్ల నొప్పి రుమటాయిడ్‌ను అచ్చం పోలి ఉంటుంది, కొందరిని నెలల తరబడి వదలదు. 2005 చివర మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్‌గున్యా రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. జ్వరంతో మొదలైన కీళ్ల నొప్పి అయితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ దోమ పగలు కుడుతుంది, నిల్వ ఉంచిన మంచినీటిలో పెరుగుతుంది. వారానికొకసారి తొట్లు, కూలర్లు ఖాళీ చేసి తోమాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు. మందు ఆపాలా, కొనసాగించాలా అన్నది డాక్టరును అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలి.

చలికాలం: చలికి చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు బిగుస్తాయి, కీలులోని జిగురు ద్రవం చిక్కబడుతుంది. అందుకే కదలిక కష్టమవుతుంది. చేతులకు ఉన్ని తొడుగులు, కాళ్లకు మేజోళ్లు వేసుకోవాలి. లేవగానే గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు చేతులు ఉంచి వేళ్లు కదిలిస్తే బిగువు త్వరగా వదులుతుంది. కీలు ఎర్రబడి, వేడిగా వాచి ఉంటే మాత్రం వేడి కాపడం వద్దు. బట్టలో చుట్టిన చల్లని కాపడం మేలు. చక్కెర జబ్బు వల్ల స్పర్శ తగ్గినవారు నీటి వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి. చలికాలంలో వేళ్లు తెల్లబడి, నీలమై, మళ్లీ ఎర్రబడితే డాక్టరుకు చెప్పాలి. పొద్దుటెండలో కాసేపు కూర్చోవడం మంచిది.

ఎండాకాలం: చాలామందికి నొప్పి తక్కువగా అనిపించేది ఈ కాలంలోనే, మందు మానేసేదీ ఈ కాలంలోనే. అది తగదు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాల మీద భారం పడుతుంది. అలాంటప్పుడు నొప్పి బిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మెథోట్రెక్సేట్ సరిగా బయటికి పోక ఒంట్లో పేరుకోవచ్చు. మజ్జిగ, నీళ్లు బాగా తాగాలి. వాంతులు, విరేచనాలు అయినప్పుడు బిళ్ల వేసుకునే ముందు డాక్టరును అడగాలి. రాత్రంతా కూలరు గాలి నేరుగా కీళ్ల మీద పడేలా పడుకోవద్దు.

ఏ కాలంలోనైనా ఒకే కీలు ఉన్నట్లుండి ఎర్రగా, వేడిగా ఉబ్బి జ్వరం వస్తే అది కీలులో చీము పట్టడం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పొగతాగడం ఈ జబ్బు రావడానికి, ముదరడానికి దోహదం చేస్తుంది. ఇంట్లో బీడీ, సిగరెట్టు మానడం అన్ని కాలాలకూ వర్తించే మందు.

వుజూ, నమాజు, రోజా

పైన చెప్పిన గడియారాన్ని బట్టి చూస్తే మన రోగులకు కష్టమైన వేళ ఫజర్. చలికాలంలో చన్నీళ్లతో వుజూ చేయడం వారికి నరకయాతన. నీళ్లు వేడిచేసుకోవడంలో తప్పేమీ లేదు. నిలబడలేనివారు కూర్చొని, కుర్చీ మీద నమాజు చేసుకునే వెసులుబాటు ఉంది. నీళ్లు తగిలితే జబ్బు పెరిగేవారికి ఉన్న సౌకర్యాల గురించి ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు. మొహమాటపడి మోకాళ్లను, మణికట్లను శిక్షించనక్కరలేదు.

రంజాను ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. కాబట్టి ఒక ఏడాది పాటించిన మందుల వేళలు పదేళ్ల తర్వాత సరిపోకపోవచ్చు. రంజానుకు ఒక నెల ముందే డాక్టరును కలిసి ఏ బిళ్ల ఇఫ్తార్‌కు, ఏది సహరీకి, రోజా ఉండవచ్చా లేదా అన్నది నిర్ణయించుకోవాలి. ఖాళీ కడుపున నొప్పి బిళ్లలు మింగి రోజాలు లాగడం మంచిది కాదు. జబ్బుపడినవారికి మినహాయింపు ఉన్న సంగతి ఇంటి పెద్దలే వారికి గుర్తుచేయాలి.

దాతలకు మనవి

చలికాలం రాగానే దుప్పట్లు పంచే మంచి అలవాటు మనలో ఉంది. అది కొనసాగాలి. అయితే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఒక ఋతువు జబ్బు కాదు, ఏళ్ల తరబడి ఉండే జబ్బు. ఒక్కరోజు శిబిరం పెట్టి పది రోజుల బిళ్లలిస్తే పదకొండో రోజు నుంచి వాపు మళ్లీ మొదలవుతుంది. ఒక పేద తల్లికి ఏడాది పొడవునా మందు, రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష, ఆసుపత్రికి రానుపోను ఛార్జీలు అందేలా చూడడం ఎక్కువ ఫలితమిస్తుంది. మెథోట్రెక్సేట్ వంటి పాత మందులు జనౌషధి కేంద్రాలలో తక్కువ ధరకు దొరుకుతాయి. కాబట్టి ఒకరికి ఏడాది బాధ్యత తీసుకోవడం ఓ మోస్తరు దాతకు అందని పని కాదు.

ఇంకా చిన్న పనులున్నాయి. మసీదు వుజూఖానాలో చలికాలానికి వేడినీటి ఏర్పాటు, తిప్పనక్కరలేకుండా మోచేతితో నెట్టే కుళాయిలు, రెండు మూడు కుర్చీలు, ఒక కమోడు మరుగుదొడ్డి. పిడికిలి బిగియని చేతులకు ఇవి ఎంత మేలో వాడినవారికే తెలుసు. మన బడులలో పెద్ద తరగతుల పిల్లలకు నాలుగు గడుల పట్టిక నేర్పి, ఇంట్లో పెద్దవారి నొప్పిని రాయమని చెప్పవచ్చు. లెక్కల పాఠం ఒకటి పూర్తవుతుంది, ఒక నానమ్మ డాక్టరు దగ్గరకు వెళుతుంది.

ఈ వ్యాసం వైద్యుని సలహాకు బదులు కాదు. ఎప్పుడు వైద్యుని వద్దకు వెళ్లాలో చెప్పడానికే దీన్ని రాశాను. రేపు మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ ఎవరైనా "వాన పడుతోంది కదా, అందుకే వేళ్లు పట్టేశాయి" అంటే, "వాన వెలిశాక వదిలాయా? పొద్దున ఎంతసేపు పట్టేస్తున్నాయి?" అని ఈ రెండు ప్రశ్నలు అడగండి. వాన వెలిసినా వదలకపోతే, పొద్దున అరగంట దాటుతుంటే, వారిని వచ్చే వారమే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.